పొగరెవరిది, దర్జా ఎవరిది?

శ్రీకాకుళం

అమ్మాయీ,

నీ కథ అందింది, రాత్రే చదివాను. కోపం తగ్గాక రాద్దామని పొద్దుటిదాకా ఆగాను. తగ్గలేదు.

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ. ఒకామె సూపర్‌వైజర్ ఎదుట కుర్చీలో కూర్చుంది. అతను "డోంట్ షో యువర్ అరగెన్స్ టు మీ" అన్నాడు. 'నా దగ్గర పొగరు చూపించకు' అన్న తెలుగు మాటకి కోటు తొడిగావు, అంతే. ఇంగ్లీషువాడైతే 'డోంట్ బీ సో అరగెంట్' అంటాడు. లేదా 'షీ హేడ్ ది అరగెన్స్ టు సిట్' అని, చేసిన పనిని ఆ మాట పక్కనే పెడతాడు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఈమాత్రం చాదస్తం తప్పదు.

అసలు గొడవ అది కాదు. రెండు పేజీలు పోయాక ఓనరు కారు దిగితే అతని నడకలోనూ 'అరగెన్స్' అన్నావు. ఇద్దరిదీ ఒకటేనా? లాటిన్‌లో ఆ మాట పుట్టిందే తనది కానిదాన్ని తనదనడం నుంచి. పొద్దున్నుంచీ నిలబడ్డ మనిషికి కుర్చీ చెల్లదా? మన వైపు డబ్బున్నవాడిది దర్జా, కూలివాడిది పొగరు. అల్లుడిది బెట్టు, కోడలిది టెక్కు. కొత్తగా ఉద్యోగమొచ్చినవాడు నీలుగుతాడు, ఏమీ లేనివాడు ఎచ్చులు పోతాడు. మాట వింటే చాలు, అన్నవాడు ఏ గట్టు మీద నిలబడి అన్నాడో తెలిసిపోతుంది. నువ్వు అందర్నీ ఒకే గాటన కట్టేశావు.

నా మూడో కథలో ఒక ముసలాయన కొడుకుని "ఏట్రా, నీలుగుతన్నావు?" అంటాడు. ఎడిటరుగారు దాన్ని "ఎందుకురా అహంకరిస్తున్నావు?" అని దిద్ది అచ్చేశారు. శ్రీకాకుళం దాటితే అర్థం కాదని కార్డు ముక్క కూడా రాశారు. ఆ ముసలాయన మా తాతే. చదివి వినిపిస్తే "ఈడెవుడ్రా?" అన్నాడు. నాలుగేళ్ళు ఆ పత్రికకి ఏమీ పంపలేదు. నాకు పొగరన్నారు. ఇప్పుడు ఆ పత్రికే లేదు. ఇప్పటివాళ్ళు ఇంకో రకం, మాండలికం ఫ్యాషనని ప్రతి వాక్యంలో ఒక 'ఏటి', ఒక 'గుంట' జల్లుతున్నారు. అదీ నాకు పడదు.

కారా మేస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావుగారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం మన ఊళ్ళోనే ఉంది కదా, రెండు రోజులు వెళ్ళి కూర్చో. పాత పత్రికలు దించుకుని, ఎవరు ఎవర్ని పొగరుబోతన్నారో అది మాత్రమే చూడు.

జీడి అంటి నల్లబడ్డ వేళ్ళతో, పమిటచెంగుతో కుర్చీ తుడిచి మరీ కూర్చుంది అన్నావే, అక్కడ కాసేపు పుస్తకం మూసినట్టు కూర్చుండిపోయాను. ఆ తర్వాత సూపర్‌వైజర్ నోరు మెదపక్కర్లేదు.

కలం పేరు గురించి ఏదో అడిగావు, మరోసారి రాస్తాను. కథ తిప్పి పంపుతున్నాను. 'అరగెన్స్' ఉన్న తొమ్మిది చోట్లా పెన్సిలుతో సున్నా చుట్టాను. ఎనిమిది కొట్టెయ్. చివరిది ఆమె కొడుకు అంటాడు, తల్లినే. కాలేజీలో చేరాడుగా, వాడలాగే అంటాడు. అది ఉంచు.

ఆశీస్సులతో,
మేస్టారు