ఏ చప్పుడు, తమ్ముడూ?

తమ్ముడికి,

నీ ఉత్తరం, దాంతోపాటు లారీ ఇంజన్ చప్పుడు, ఆయిల్ గురించి రాసి పంపిన వ్యాసం అందాయి. మొదటి రచనకే ప్రేమనో వర్షాన్నో పట్టుకోకుండా ఇంటిముందు ఆగి ఉన్న లారీని పట్టుకున్నావు చూడు, అక్కడే నచ్చావు. నాన్నగారి పాత పది టైర్ల బండి, దాచేపల్లి సిమెంటు లోడు, తెల్లారుజామున సెల్ఫ్ కొట్టగానే వీధిలో కుక్కలన్నీ లేచి మొరగడం. ఆ నాలుగు వాక్యాల జోలికి మాత్రం పోకు. మిగతాది మళ్లీ రాయాలి.

ముందు ఆ మొదటి పేరా తీసెయ్. ‘మానవ నాగరికతలో రవాణా రంగం పాత్ర అనిర్వచనీయం’ అట! నీ వ్యాసం చదివేది లారీ ఓనరు. అనిర్వచనీయమో కాదో ఆయన ఫైనాన్స్ కంపెనీని అడిగితే చెబుతుంది.

ఇక అసలు సంగతి. రెండు పేజీల్లో ‘శబ్దం’ అన్న మాట పదకొండుసార్లు వాడావు, లెక్కపెట్టాను. కర్ణకఠోర శబ్దం, భయంకర శబ్దం, విపరీతమైన శబ్దం. ఏ శబ్దమో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. టకటకా? డబడబా? గరగరా? తెలుగులో రాస్తూ చప్పుళ్లకి కరువేమొచ్చింది? అది తేల్చకుండానే ‘చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే ఇంజన్ శాంతిస్తుంది’ అని తీర్పు చెప్పేశావు.

ఈ తప్పు నేనూ చేశాను. పాతికేళ్ల కిందట ఒక పత్రికలో దాదాపు ఇదే వాక్యం రాశాను, అదీ ఆయిల్ డబ్బా మీది మాటలు చూసి. కొన్ని నెలలకి విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రి కబురు పంపాడు. వెళ్తే తిట్టలేదు. షెడ్డులో ఒక బండి స్టార్ట్ చేసి ఉంచాడు. మూరెడు స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, మొన టాపెట్ కవర్ మీద, అంటే ఇంజన్ పైన వాల్వుల్ని కదిపే ముక్కల మూత మీద ఆనించి, పిడి చెవి ముందరి ఎముక మీద నొక్కిపెట్టించాడు. షెడ్డులో రొదంతా వెనక్కి పోయింది. ఆ ఒక్క చప్పుడే తలలోకి దిగింది.

‘ఏం వినబడుతోంది?’ అన్నాడు.

‘శబ్దం’ అన్నాను.

మేస్త్రి నవ్వలేదు గానీ పక్కనున్న కుర్రాడు నవ్వాడు. మేస్త్రి మొనని జరిపి ఇంజన్ కిందివైపు, చాంబర్ (ఆయిల్ నిలిచే తొట్టి) పైన బ్లాకు మీద పెట్టించాడు. అప్పుడు తెలిసింది. పైన వినబడ్డది సన్నగా, గోడ గడియారానికి పూనకం వచ్చినట్టు, టిక్‌టిక్‌టిక్. కింద వినబడ్డది బరువుగా, మూసిన తలుపుని పిడికిలితో గుద్దినట్టు. ఒకే ఇంజన్, రెండు జబ్బులు. మొదటిదానికి స్పానర్ చాలు. రెండోది ఊరుకుంటే క్రాంకునే, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసునే తినేస్తుంది.

నీకు అర్థమయ్యేలా చెప్తాను, తర్వాత నీ మాటల్లో రాసుకో. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిపించే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే టాపెట్ చప్పుడు ఇంజన్ వేగంలో సగం తాళంలో నడుస్తుంది. మీ నాన్నగారి బండిలో ఉన్నది కమిన్స్ 6బీటీ ఇంజన్ అన్నావు కదా. దాంట్లో టాపెట్ల సందు చేత్తో సెట్ చేయాలి: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.51. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూసుకుని నట్టు బిగిస్తారు. ఆ సందు పెరిగితే టకటక మొదలవుతుంది. దాన్ని ఏ ఆయిలూ పూడ్చదు.

డీజిల్ ఇంజన్‌కి పుట్టుకతో వచ్చిన ‘కటకట’ ఇంకోటుంది. లోపల పడ్డ డీజిల్ అంటుకోవడానికి రెప్పపాటు ఆలస్యమై, పోగైనదంతా ఒక్కసారి భగ్గుమంటే వచ్చేది అది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ సరిగ్గా పిచికారీ చేయకపోయినా, పంపు టైమింగ్ తప్పినా అది ఎక్కువవుతుంది. ఇక్కడా ఆయిల్‌కి పనిలేదు. పాత బండ్లలో మేస్త్రి ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులుచేసి, ఏ సిలిండర్ ఆపితే చప్పుడు తగ్గుతోందో చూస్తాడు. ఈ ముక్క రాస్తే పక్కనే ఇంకో ముక్క తప్పకుండా రాయి: కామన్ రైల్ బండ్ల (అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే కొత్త రకం) మీద ఈ పని చేయకూడదు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. నీ వ్యాసం చదివి ఎవడి చెయ్యీ పోకూడదు.

ఆయిల్‌తో తగ్గే చప్పుళ్లూ ఉన్నాయి, కాదనను. లెవెల్ తగ్గి పంపు గాలి పీలుస్తుంటే, మార్చాల్సిన కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోతే, లీకైన డీజిల్ కలిసి ఆయిల్ నీళ్లయిపోతే. ఈ చివరిదాంట్లో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గదు, పెరుగుతుంది! ‘మా బండి ఆయిల్ తాగదండీ’ అని మురిసిపోయే ఓనర్లని చూశాను. పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు గలగలమని తర్వాత సర్దుకుంటోందంటే, రాత్రంతా ఫిల్టర్‌లోంచి ఆయిల్ కిందికి జారిపోతోందేమో చూడాలి. దానికి కావలసింది మంచి ఫిల్టర్. చిక్కటి ఆయిల్ పోస్తే పైదాకా చేరడానికి ఇంకా ఆలస్యమై ఆ గలగల ఇంకో సెకను సాగుతుంది.

నువ్వు రాసిన ‘15 కంటే 20 చిక్కన, 40 కంటే 50 చిక్కన’లో సగమే నిజం. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందరి అంకె చలిలో ఆయిల్ తీరు చెప్పేది. 15డబ్ల్యూని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. పల్నాడుకి ఆ చలి ఎప్పుడొస్తుందో నువ్వే చెప్పాలి. మనకి పనికొచ్చేది రెండో అంకె. వంద డిగ్రీల వేడిలో 40 గ్రేడు చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనానికి కొలత) లోపు, 50 గ్రేడుది అక్కణ్నుంచి 21.9 లోపు. ‘ఎండ 45 దాటింది, చిక్కటిది పోయాలి’ అన్న వాక్యం కూడా అందుకే నిలబడదు. ఇంజన్ లోపలి ఆయిల్ ఎండాకాలమైనా సంక్రాంతికైనా వంద దగ్గరే తిరుగుతుంటుంది. కంపెనీ పుస్తకంలో 15డబ్ల్యూ-40 అనుంటే అదే పోయాలి.

మరి 50 పోస్తే చప్పుడు తగ్గిందని అంతమంది ఎందుకంటారు? తగ్గుతుంది కాబట్టి! నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వేమో దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు. బేరింగుకీ క్రాంకుకీ మధ్య సందు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకి అటూఇటూగానే ఉంటుంది. అరిగి ఆ సందు పెరిగితే చిక్కటి ఆయిల్ పరుపులా అడ్డుపడి దెబ్బని మెత్తబరుస్తుంది. వేడెక్కాక పడిపోయే ప్రెషర్ ముల్లు కూడా కాస్త లేస్తుంది. ఓనరు ఊపిరి పీల్చుకుంటాడు. లోపల అరుగుడు మాత్రం ఆగదు. నా పాత వ్యాసం చదివి అలా 50 పోసినాయన బండే ఆ రోజు షెడ్డులో ఉన్నది. పైన టాపెట్ల టిక్‌టిక్‌నే పట్టించుకుంటూ కింది గుద్దుడుని నెలలపాటు వినలేదు. పాత బండి అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోయడం ఎందుకో ఇప్పుడు నీకు తెలిసుంటుంది.

కొత్త బండ్ల గురించి మూడు వాక్యాలు చాలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ మీద కొత్త నిబంధనల) లారీల సైలెన్సర్ లైన్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి అందులో కాలిపోతుంది గానీ ఆయిల్‌లోని రసాయనాల బూడిద కాలదు, పేరుకుంటుంది. అందుకని అలాంటి బండికి కంపెనీ చెప్పిన సీకే-4 తరగతి లాంటి తక్కువ బూడిద ఆయిలే పోయాలి, ఊళ్లో పాత బండ్లకి పోసేదే దీనికీ పోస్తే చప్పుడు సంగతి తర్వాత, ఫిల్టర్ ఖర్చు కళ్లజూడాలి.

‘నల్లబడిన ఆయిల్ పాడైనట్టే’ అన్నది కూడా కొట్టెయ్. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది, మసిని తనలో కలిపి ఉంచుకోవడం దాని పని. పాలు కలిసినట్టు తెల్లగా మారితే అప్పుడు కంగారుపడాలి, నీళ్లు కలుస్తున్నాయన్నమాట.

‘టాపెట్’ని ‘కవాట చాలకం’ అని ఎందుకు మార్చావో నాకు అంతుపట్టలేదు. మీ నాన్నగారు ఇంట్లో ఆ మాట అంటారా? చాంబర్, నాజిల్, హాఫ్ బోరింగ్... షెడ్డులో ఎలా అంటారో అలాగే ఉండనీ.

తిరగరాసేముందు ఒక పని చెయ్. రేపు బండి లోడుకి వెళ్లేరోజైతే నాలుగున్నరకే లే. సెల్ఫ్ కొట్టక ముందే నాన్నగారి పక్కన నిలబడు. గలగల ఎన్ని సెకన్లుందో, వేడెక్కాక ఏ చప్పుడు మిగిలిందో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు కింద గుద్దుడు వినబడిందో లేదో కాగితం మీద పెట్టు. ఫోన్‌లో రికార్డు చేసి పంపకు, నాకు నీ మాటల్లో కావాలి. స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ తీసి చూడు, తుడిచిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకో. డీజిల్ వాసన వచ్చిందో లేదో ముందు అది రాయి.

నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

మీ అన్నయ్య