వాకింగ్‌లో మా కుక్క రోడ్డు మీద దొరికిందల్లా తింటోంది, ఎలా మాన్పించాలి?

ఇంట్లో కడుపునిండా పెట్టినా వీధిలోకి రాగానే చెత్తకుప్ప వైపు లాగుతోందంటే చాలావరకు అది ఆకలి కాదు, అలవాటు. మనుషులు పారేసిన తిండి మీద తరతరాలుగా బతికిన జాతి మరి! ఒక్కసారి బిర్యానీ పొట్లం దొరికిందా, ఆ మలుపు దగ్గర ఇక రోజూ ఆగుతుంది.

అరుస్తూ నోట్లో వేలు పెట్టి లాగకండి. నేను అలా చేస్తే మా కుక్క నమలకుండా గుటుక్కున మింగేసేది. జేబులో ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టుకోండి. "వదులు" అనండి, వదలగానే ముక్క ఇవ్వండి. ముందు గుప్పిట్లో మూసిన బిస్కెట్‌తో, తర్వాత నేల మీద పెట్టి, ఆఖరికి వీధిలో. కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మూతికి బుట్టలాంటి చిక్కం కట్టండి. అందులో నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి.

వండిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకోవచ్చు. చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కుక్కకు విషమే. తిన్నదని అనుమానమొస్తే లక్షణాల కోసం ఆగకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మట్టి, రాళ్లు కూడా తింటుంటే మాత్రం పరీక్ష చేయించండి, నులిపురుగులో రక్తహీనతో ఉండొచ్చు.