యూదా నోట ఒక పాట

చెల్లెమ్మా,

నీ పాటలన్నీ చదివాను. అప్పులపాలైన రైతు మీద రాసింది బాగుంది. ధాన్యం తూకం దగ్గర జరిగే మోసం నువ్వు కళ్లారా చూసి రాశావని రెండో చరణంలోనే తెలిసిపోతుంది. ఉత్తరం చివర అడిగావు కదా, "అన్నయ్యా, అన్నీ ఒకేలా ఉంటున్నాయి, స్టైల్ ఎలా మార్చుకోవాలి?" అని. దానికి నాకు ప్రాణమైన ఒక ఆల్బమ్ గురించి చెప్తాను. యూటూ బ్యాండ్ 1991లో తెచ్చిన 'అక్తుంగ్ బేబీ'.

ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఒకే స్కూల్లో చదివిన నలుగురు కుర్రాళ్ల బ్యాండ్ అది, 1976లో మొదలైంది. 1987లో 'ది జాషువా ట్రీ' ఆల్బమ్‌తో ప్రపంచమంతా వాళ్ల పేరు మోగిపోయింది. దేవుడు, యుద్ధం, న్యాయం, వీటి గురించి వాళ్ల గాయకుడు బోనో గొంతెత్తి పాడేవాడు. నాకు ఆ పాటలూ ఇష్టమే. కానీ మరుసటి ఏడాది వచ్చిన 'రాటిల్ అండ్ హమ్' సినిమా చూసి, వీళ్లకి తమ గొప్ప మీద తమకే భక్తి ఎక్కువైందని చాలామంది విమర్శకులు విసుక్కున్నారు. 1989 డిసెంబర్ చివర్లో డబ్లిన్ వేదిక మీదే బోనో చెప్పేశాడు, ఎక్కడికైనా వెళ్లి అంతా మళ్లీ కొత్తగా కలగనాలని.

1990 అక్టోబర్‌లో, రెండు జర్మనీలు ఒకటైన రోజుల్లో, బెర్లిన్‌లోని హన్సా స్టూడియోకి చేరారు. అక్కడ బ్యాండే విడిపోయేంత పనైంది. బోనోకీ, గిటార్ వాయించే ఎడ్జ్‌కీ డాన్స్ బీట్లు, మెషిన్ల మోత కావాలి. డ్రమ్మర్ లారీకీ, బేస్ వాయించే ఆడమ్‌కీ అది మింగుడు పడలేదు. ఆ టెన్షన్ మధ్యే ఒకరోజు ఎడ్జ్ వేరే పాట కోసం వెతుకుతున్న రెండు కార్డ్ (కలిపి మోగించే స్వరాల) వరసల్ని, నిర్మాత లాన్వా చెప్పగా, కలిపి వాయించాడు. అందులోంచి 'వన్' పుట్టింది. దాన్ని పెళ్లిళ్లలో కూడా వేస్తుంటారు, నాకైతే ఆశ్చర్యం. శ్రద్ధగా విను, ఒకరినొకరు గాయపరుచుకున్న ఇద్దరి మాటలవి. అప్పట్లోనే ఎడ్జ్ కాపురం విడిపోయింది, ఆ నొప్పి ఆల్బమ్‌లో చాలా పాటల్లోకి పాకింది.

నీకు బాగా పనికొచ్చే పాట 'అంటిల్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్'. పాడేది ఇస్కరియోతు యూదా. ముద్దు పెట్టి పట్టించినవాడు ఆ యేసుతోనే, పాత స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. కలిసి తిన్న భోజనం, తోట, ముద్దు, ఆ తర్వాత ముంచెత్తిన పశ్చాత్తాపం, అంతా కొద్ది లైన్లలోనే. మొదటి ఆల్బమ్‌ల నుంచీ బోనో రాస్తున్నది విశ్వాసం గురించే. ఇక్కడా అదే విషయం. ఇన్నాళ్లూ భక్తుడు పాడాడు, ఇప్పుడు ద్రోహి పాడుతున్నాడు. 'ది ఫ్లై' పాట నరకం నుంచి వచ్చిన ఫోన్ కాల్ లాంటిదని బోనోయే చెప్పాడు, చేసేవాడికి అక్కడ హాయిగానే ఉందట! 'అక్రోబాట్'లో మాట ఒకటి, చేత ఒకటిగా బతికే మనిషిని నిలదీసి, ఆ మనిషి తానేనని ఒప్పుకుంటాడు. ఆ పాటని 2018 దాకా వాళ్లు వేదిక మీద పాడనే లేదు.

గిటార్ శబ్దం మారింది కాబట్టే ఇది గొప్ప ఆల్బమ్ అయిందని చాలామంది అంటారు. శబ్దం అద్భుతమే, కాదనను. కానీ పాత బోనో అదే శబ్దం మీద అవే ఉపన్యాసాలు ఇచ్చి ఉంటే నేను ఇన్నేళ్లు దాన్ని వినేవాణ్ణి కాదు. ఈ ఆల్బమ్ జాషువా ట్రీని నలుగురు నరుకుతున్న చప్పుడని బోనో అన్నాడు. ఆ గొడ్డలి ముందు తన ఉపన్యాసాల మీదే పడిందని నా నమ్మకం.

నీ పాటల్లో మాట్లాడేది ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్లే. వాళ్ల తరఫున నువ్వు, ఎదురుగా దుర్మార్గులు. ఛందస్సు మార్చినా, ఇంకో మాండలికంలో రాసినా ఆ వరస అలాగే ఉండిపోతుంది. అందుకని ఆ రైతు పాటనే మళ్లీ తీసుకుని, తూకం వేసే షావుకారు చేత పాడించు. వాణ్ణి మంచివాడిగా చెయ్యొద్దు, వెక్కిరించనూ వద్దు. రాత్రి లెక్కలు రాసుకునేటప్పుడు తనకి తాను ఏం సర్దిచెప్పుకుంటాడో, రైతు కూతురు పెళ్లికి వెళ్లి ఏం చదివించాడో వాడి మాటల్లోనే రావాలి. నువ్వు వాడితో ఎక్కడో ఒకచోట ఏకీభవించాలి కూడా. అక్కడ నీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఆ లైన్ కొట్టెయ్యొద్దు.

మాటలు వెంటనే కుదరకపోతే బెంగపడకు. బోనో కూడా ముందు అర్థం లేని శబ్దాలతో ట్యూన్ పాడేసి, మాటలు తర్వాత కూర్చుకునేవాడు. పల్లవి దొరకగానే, మిగతాది పూర్తికాకపోయినా సరే, నాకు పంపు.

నీ అన్నయ్య