సిగరెట్ మానేశాక చెయ్యీ నోరూ ఊరుకోకపోతే

చిన్నా,

సిగరెట్ మానేస్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. కొన్నాళ్లు హెర్బల్ సిగరెట్లతో నెట్టుకొస్తే ఎలా ఉంటుందని అడిగావు కదా, సూటిగా చెప్తున్నా, వద్దు. వాటిలో పొగాకు లేకపోవచ్చు, నికోటిన్ లేకపోవచ్చు, కానీ ఏ ఆకు కాల్చినా తారు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, అది మూలికల పొగ కదా అని ఊపిరితిత్తులు వదిలిపెట్టవు. సిగరెట్ ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోంచి కార్బన్ మోనాక్సైడ్ దాదాపుగా పోతుంది. మళ్లీ ఇంకో పొగ పీల్చి ఆ మేలు పోగొట్టుకోవడం ఎందుకు?

అయితే నీకు ఆ ఆలోచన ఊరికే రాలేదు. సిగరెట్ తాగేవాడి ప్రాణం నికోటిన్ కోసమే లాగదు. వేళ్ల మధ్య ఏదో ఉండాలి, పెదాలకి తగలాలి, లోతుగా పీల్చాలి, గొంతులో కాస్త గరగరలాడాలి. నికోటిన్ దాదాపుగా తీసేసిన సిగరెట్లు ఇచ్చి చేసిన ప్రయోగాల్లో కూడా తాగినవాళ్లకి కాసేపు ఆ లాగుడు తగ్గింది. కాబట్టి ఈ నాలుగూ పొగ లేకుండా ఎలా దొరుకుతాయో చూసుకోవాలి.

నేను ఎవరికైనా మొదట చెప్పేది స్ట్రా. సిగరెట్ పొడవుకి కత్తిరించి జేబులో పెట్టుకో. తాగాలనిపించినప్పుడు పెదాల మధ్య పెట్టుకుని, దాంట్లోంచి మెల్లగా గాలి పీల్చి, ఇంకా మెల్లగా వదులు. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, సిగరెట్ తాగేటప్పుడు మనిషి కుదుటపడటంలో ఆ లోతైన ఊపిరి పాత్ర చాలా ఉంది. దాల్చినచెక్క కూడా మంచిదే, నోట్లో పెట్టుకుంటే కాస్త ఘాటు తగులుతుంది, వెలిగించడం మాత్రం చెయ్యకు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో సిగరెట్ లాంటి గొట్టంలోంచి మిరియాల నూనె ఆవిరి పీల్చినవాళ్లకి సిగరెట్ కోరిక తగ్గిందని తేలింది. అంటే గొంతుకి, ఛాతీకి ఆ ఘాటు తగలడం అంత ముఖ్యమన్నమాట. అలాగని ఇంట్లో నూనెలు పీల్చే ప్రయోగాలు పెట్టుకోకు, ఒక మిరియపు గింజ కొరికితే చాలు.

నికోటిన్ లేని వేప్, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్, సంగతి కూడా ఎవరో చెప్పే ఉంటారు. అందులో ఏదీ కాలదు, నిజమే, కానీ రుచి కోసం కలిపే రసాయనాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, పైగా సున్నా అని రాసి ఉన్నవాటిలో కొన్నింటిని పరీక్షిస్తే నికోటిన్ బయటపడింది. నాకైతే నమ్మకం లేదు.

ఇక ఒంటి సంగతి. ఆఖరి సిగరెట్ తాగిన కొన్ని గంటలకే చిరాకు మొదలవుతుంది, రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతుంది, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. కోపం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఊరికే ఆకలి, మలబద్ధకం, ఇవన్నీ వస్తాయి, కంగారు పడకు. ఒక్కో లాగుడు కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు స్ట్రాతో గడిపెయ్. ఇంకోటి, కాఫీ సగానికి తగ్గించు. సిగరెట్ పొగ వల్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతూ ఉంటుంది, పొగ ఆపేశాక అదే కాఫీ ఎక్కువసేపు నిలిచిపోయి, గుండె దడ, నిద్రలేమి వస్తే సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని చాలామంది మళ్లీ వెలిగిస్తారు. ఇదే కారణంగా కొన్ని మందుల మోతాదు కూడా మార్చాల్సి వస్తుంది. నువ్వేవైనా మందులు వాడుతుంటే, ముఖ్యంగా ఆస్తమాకి థియోఫిలిన్ వాడుతుంటే, మానేస్తున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పు.

స్ట్రా, దాల్చినచెక్క అలవాటుని తీరుస్తాయి గానీ నికోటిన్ లోటుని తీర్చవు. పొద్దున లేవగానే సిగరెట్ కావాల్సినంతగా అలవాటుపడినవాడికి ఇవి ఒక్కటే చాలకపోవచ్చు. నికోటిన్ లేకుండానే సాయం చేసే వారెనిక్లిన్, సిటిసిన్ లాంటి మందులున్నాయి, డాక్టర్‌ని అడుగు. ఆయన చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వాడమన్నా మొహమాటపడకు, క్యాన్సర్ తెచ్చేది ప్రధానంగా పొగలోని విషాలు, ప్యాచ్‌లో పొగ లేదు.

మూడో రోజు కష్టంగా ఉంటే ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి.

మీ బాబాయి