పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఏ పుస్తకం ఏ అలమారలో?

ప్రశ్న: మా అమ్మాయి కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. సండే స్కూలులో పెరిగిన పిల్ల. ఇప్పుడు దాని గదినిండా నవలలు, కథల సంపుటాలు, ‘గబ్బిలం’ వంటి కావ్యాలే ఉన్నాయి. క్రైస్తవ పుస్తకాలు ఒకటో రెండో కనిపిస్తాయి. మొన్నటి ఉజ్జీవ సభల్లో ప్రసంగీకులు, ఎఫెసు విశ్వాసులు తమ పుస్తకాలను కాల్చివేసినట్లే మనం కూడా లోకసంబంధమైన పుస్తకాలను, పాటలను ఇంట్లో నుంచి తీసివేయాలని చెప్పారు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. అమ్మాయితో ఏమని మాట్లాడాలి?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: సోదరీ, వందనాలు. ముందుగా ఆ వాక్యభాగాన్నే మళ్ళీ తెరిచి చూద్దాం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో కాలిపోయినవి మాంత్రిక విద్యకు సంబంధించిన గ్రంథాలు. వాటి వెల యాభై వేల వెండి రూకలని లూకా లెక్క కూడా రాశాడు. ఆ విద్యను అభ్యసించినవారు తమ పుస్తకాలను తామే తెచ్చి కాల్చారు తప్ప, ఎవరూ కూతురి అలమార తెరిచి ఆమె పుస్తకాలను తీసుకుపోలేదు. దీనికి రెండు అధ్యాయాల ముందే పౌలు ఏథెన్సులో నిలబడి, “మనమాయన సంతానమని మీ కవీశ్వరులలో కొందరును చెప్పుచున్నారు” అన్నాడు. ఆ మాట అరాటస్ అనే గ్రీకు కవిది; జ్యూస్ దేవుణ్ణి స్తుతిస్తూ మొదలయ్యే కావ్యంలోది. అన్యదేవత స్తుతిలో ఉన్న పాదాన్ని సువార్త చెప్పడానికి ఎత్తుకున్న మనిషి ఆ కావ్యాన్ని చదివో వినో ఉంటాడు కదా! పౌలే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (లేఖ)లోని “దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును” అనే మాట కూడా మెనాండర్ అనే హాస్యనాటక రచయితదని పండితులు చెబుతారు. సినిమాకు పోవద్దని మా నాన్నగారు మాకు ఎన్నోసార్లు వినిపించిన వాక్యం నాటకశాల నుంచి వచ్చిందని తెలిసిన రోజున నేను చాలాసేపు నవ్వుకున్నాను.

ఇక ‘గబ్బిలం’ సంగతి. గుర్రం జాషువా 1941లో ప్రచురించిన ఆ కావ్యంలో ఆకలితో ఉన్న ఒక అంటరాని మనిషి, గుడిలోకి తాను పోలేడు కనుక, గుడిలోకి స్వేచ్ఛగా పోగల గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన మొర పంపుకుంటాడు. క్రీస్తు ప్రస్తావన కోసం దాన్ని తెరిచేవారికి నిరాశే మిగులుతుంది. అదే కవి ‘క్రీస్తు చరిత్ర’ రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. అలమారలను భక్తి, లోకం అని రెండుగా విడదీస్తే ఒకే కవి పుస్తకాలు రెండు గదుల్లో పడతాయి. నా మటుకు నేను, ‘క్రీస్తు చరిత్ర’ మీద ఎంత గౌరవం ఉన్నా, పొరుగువాడి ఆకలి ముందు నన్ను తల దించుకునేలా చేసింది ‘గబ్బిలమే’ అని ఒప్పుకోవాలి. ఎస్తేరు గ్రంథపు హెబ్రీ మూలంలో దేవుని పేరు ఒక్కసారి కూడా లేదు. అయినా దాన్ని మన పెద్దలు బైబిలులోనే ఉంచారు.

అట్టమీద సిలువ ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది సత్యం అయిపోదు. చివరి అధ్యాయంలో ఒక్క ప్రార్థనతో అప్పు తీరి, ఉద్యోగం వచ్చి, తాగుబోతు భర్త మారిపోయే కథలు నేను చాలా చదివాను. ప్రార్థించినా అప్పు తీరని కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. అటువంటి కథ వారి చేతికి అందితే, తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని వారు కుమిలిపోతారు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలోని ప్రసిద్ధమైన వరుస “ఏవి సత్యమైనవో” అని మొదలవుతుంది. “పవిత్రమైనవో” అన్న మాట దాని తరువాత వస్తుంది. పరాయివాడి భార్యను తీసుకున్న దావీదు రాజుకు నాతాను ప్రవక్త చెప్పింది కూడా కల్పిత కథే. దరిద్రుడి గొఱ్ఱెపిల్లను ధనవంతుడు లాక్కున్న ఆ కథలో ఊరిపేరు లేదు, దేవుని పేరు లేదు. కానీ అది విన్న రాజు తన తీర్పు తానే చెప్పుకున్నాడు.

అలాగని చేతికి దొరికినదల్లా చదవమని నేను చెప్పడం లేదు. క్రూరత్వాన్ని రుచిగా వడ్డించే నవలలు ఉన్నాయి, ఆడవారిని వస్తువుల్లా చూపించే పాటలు అంతకంటే ఎక్కువగా ఉన్నాయి. ఒక పుస్తకం మూసిన తరువాత మనుషుల మీద అసహ్యం పెరుగుతోందా, జాలి పెరుగుతోందా అని మీ అమ్మాయి తనను తాను అడిగి చూసుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే ఉంటుంది. అలమార తనిఖీ చేస్తే దొరకదు. మీరు చేయగలిగినది ఒకటి ఉంది. వంట అయ్యాక కూర్చుని, తనకు బాగా నచ్చిన పుస్తకంలో నాలుగు పేజీలు మీకు చదివి వినిపించమని అడగండి. విన్నాక మీకు నచ్చనిది ఉంటే నచ్చలేదని చెప్పండి. నిప్పు పెడతామని భయపెడితే, ఆమె పుస్తకాలు మానదు. మీకు చూపించడం మానేస్తుంది.

ప్రశ్న: శ్రమల దినాల్లో సినిమా పాటలు వినడం పాపమా?
– ఒక సోదరుడు, కరీంనగర్

జవాబు: పాపమని రాసిన వాక్యం నాకు కనబడలేదు. ఈస్టరుకు ముందు, ఆదివారాలు మినహాయించి వచ్చే ఆ నలభై రోజులు మీరు మానాలనుకుంటే సంతోషంగా మానండి. పక్కింటివారి రేడియో జోలికి మాత్రం పోకండి.

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో కీబోర్డు వాయిస్తాను. ఆదివారం మా సంఘంలోనూ వాయిస్తాను. శనివారం రాత్రి సినిమా పాటలు వాయించిన చేతులతో ఆరాధనలో వాయించకూడదని ఒక పెద్ద అంటున్నారు. విచిత్రమేమిటంటే, మేము పాడే ఆరాధన పాటల్లో మూడు సినిమా బాణీలే!
– ఒక యువకుడు, కాజీపేట

జవాబు: తమ్ముడూ, పెళ్ళిలో వాయించి కూలి తెచ్చుకోవడం నీ కష్టార్జితం, గుడారాలు కుట్టిన చేతులతోనే పౌలు పత్రికలు పంపాడు. కష్టం ఉన్నది రెండో సంగతిలో. బాణీ ఒంటరిగా రాదు, పాత మాటలను వెంటబెట్టుకుని వస్తుంది. నువ్వు మొదటి స్వరం నొక్కగానే వెనుక వరుసలోని కుర్రవాళ్ళకు సినిమాలోని నాయిక గుర్తుకు వస్తే, ఆ పాట ఎంత భక్తిగా రాసినా చేరవలసిన చోటికి చేరదు.

పరాయి సంగీతం తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి తన కీర్తనలను కర్ణాటక రాగాల్లో, తాళాల్లోనే కూర్చాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల తల మీద రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. మనకు దగ్గరలోని డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్‌ను చూసినవారికి దాని స్తంభాల్లో గుడి, గుమ్మటాల్లో మసీదు గుర్తుకు వస్తాయి. అయితే వారు రాగాన్ని తీసుకుని కొత్త కీర్తన కట్టారు, గుమ్మటాన్ని తీసుకుని కొత్త ఆలయం కట్టారు. మనం ఒకరు కట్టిన పాటను ఎత్తుకుని మాటలు మాత్రం మారుస్తున్నాం. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ నిజమైన మత కార్యక్రమంలో పాడుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. అదే బాణీని అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోవడానికి ఆ మినహాయింపు పనికిరాదు.

నీకు వాయించడం వచ్చు కాబట్టి ఆ మూడు పాటల్లో ఒకదానికి సొంత బాణీ కట్టడానికి ప్రయత్నించు. కట్టినదాన్ని ఆదివారం అందరి ముందు వాయించే ముందు, వారం మధ్యలో ఆ పెద్దగారి ఇంటికి వెళ్ళి ఆయనకే వినిపించు. ఆయనకు నచ్చకపోతే ఏ చోట నచ్చలేదో అడుగు.