పీడీఎఫ్‌లో రెండు మాటలు చేరిస్తే లైను మార్జిన్ దాటుతోంది: సమాధానం

పేరా మధ్యలో రెండు మాటలు చేర్చగానే ఆ లైను మార్జిన్ దాటిపోతోందని, కింది లైన్లు కదలడం లేదని రాశారు. తప్పు మీ సాఫ్ట్‌వేర్‌ది కాదండీ. ఏ అక్షరం పేజీలో ఎక్కడ పడాలో రాసిపెట్టుకోవడమే పీడీఎఫ్ పని. చాలా ఫైళ్లలో పేరా అనే లెక్కే ఉండదు, ఇక మాటలు కింది లైనుకి ఎలా జరుగుతాయి?

పైగా సైజు తగ్గడానికి ఫాంటులో వాడిన అక్షరాలను మాత్రమే ఫైల్లో ఉంచుతారు. మీరు కొత్తగా టైపు చేసిన ‘క్ష్మి’ అందులో లేకపోతే ఖాళీ డబ్బా వస్తుంది, లేదా వేరే ఫాంటు పడుతుంది. తెలుగు ఒత్తులతో ఈ బాధ మరీ ఎక్కువ.

అసలు వర్డ్ ఫైలు దొరికితే అందులోనే దిద్ది మళ్లీ పీడీఎఫ్ చేసుకోండి. ఎంత వెతికైనా సరే, అదే మేలు. దొరక్కపోతే పీడీఎఫ్‌కి ఒక కాపీ తీసుకుని, లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని ‘డ్రా’లో తెరవండి. పేరా ముక్కలుముక్కలుగా, లైనుకో టెక్స్ట్ బాక్సుగా కనిపిస్తుంది. ఆ పేరా బాక్సులన్నీ సెలెక్ట్ చేసి, షేప్ మెనూలో ‘కన్సాలిడేట్ టెక్స్ట్’ నొక్కండి. అన్నీ ఒకే బాక్సు అవుతాయి, అప్పుడు మాటలు చేర్చండి. అదే ఫాంటు మీ సిస్టంలో ముందే ఉండాలి సుమా. స్కాన్ చేసిన పేజీలైతే ఇది పనిచేయదు, ముందు ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తించి టెక్స్టుగా మార్చాలి.