అమ్మమ్మకు చెవి, మనవడికి వేలు

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. నీటికాసులతో చూపు పోయింది. నవల లేనిదే నిద్రపోని మనిషి, ఇప్పుడు టీవీ ముందు కూర్చుని కునుకు తీస్తోంది. డల్లాస్‌లో ఉన్న నా మనవడు ఏడేళ్లవాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పెద్ద బాలశిక్ష పంపితే అట్ట కూడా తిప్పలేదు. ఇద్దరికీ పుస్తకాలో, ఆడియోలో చెప్పండి.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అమ్మగారి సంగతి. చూపు లేనివారి కోసం 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. అచ్చు అక్షరం చదవలేనివారికే సభ్యత్వం, కాబట్టి వైకల్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. అందులో ‘డైసీ’ అనే పద్ధతిలో, వినడానికి వీలుగా తయారైన పుస్తకాలుంటాయి. పాత క్యాసెట్టులా మొదటి నుంచి తిప్పక్కర్లేదు. నేరుగా కావలసిన అధ్యాయానికి వెళ్లవచ్చు. నిన్న ఎక్కడ నిద్రపోయారో అక్కడినుంచే వినవచ్చు, ఆమెకు ముఖ్యంగా కావలసింది ఇదే కదా! కొన్ని పుస్తకాలను మనిషి చదువుతాడు, కొన్నింటిని కంప్యూటర్ గొంతు చదువుతుంది. వచనానికి అది ఫరవాలేదు. పద్యం వస్తే మాత్రం ఎక్కడ ఊపిరి తీయాలో దానికి తెలియదు.

ఇక పిల్లవాడు. పెద్ద బాలశిక్ష మీద నాకు గౌరవమే, అక్షరాలు దాని మీదే దిద్దాను. కానీ దూరదేశంలో ఉన్న ఏడేళ్లవాడికి అది తొలి మెట్టు కాదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. స్థాయిలుగా విడదీసి ఉంటాయి; ఒకటో స్థాయిలో పుటకు ఒకటి రెండు వాక్యాలే. అచ్చు తీసి పంపండి. చదువుతున్నప్పుడు పదం కింద వేలు కదలాలి.

ఒక హెచ్చరిక. కథను ముందే పదిసార్లు వినిపిస్తే పిల్లలు కంఠస్థం చేసి చదివినట్లు నటిస్తారు. ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పిన నన్నే మా మనవరాలు వారం రోజులు మోసం చేసింది. వాక్యం మధ్యలో ‘పడవ’ మీద వేలు పెట్టి అడిగితే “బొమ్మ ఏది తాతయ్యా?” అంది!

అందుకే మీ ఇంట్లో ఉన్న అసలైన సాధనం అమ్మగారే. ఆమెకు పుస్తకం కనబడదు, కథ ముందే తెలియదు. మునిమనవడు ఫోనులో చదవాలి, ఆమె వినాలి. ‘కల్లు’ అన్నా ‘కళ్లు’ అన్నా వాడికి ఒకటే కావచ్చు, ఆమె ఊరుకోరు. బదులుగా ఆమెకు నోటికి వచ్చిన కథలను రోజుకు ఒకటి రికార్డు చేసి పంపండి. అయిదు నిమిషాలు మించవద్దు. ఫ్యాను ఆపి చేయండి, లేకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. కుక్కరు కూత పడితే మాత్రం పడనివ్వండి.